ఎక్కినవారు, దిగినవారు

ఎంట్రీ 2191. భాద్రపద బహుళ పంచమి

లైట్లు: అన్నీ వెలుగుతున్నాయి. చేపట్టు కమ్మీ: నాలుగో మజిలీ దగ్గర ఒక బోల్టు వదులైంది, బిగించాను. ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. రిమార్కులు:

ఈ రిమార్కుల గడి ఎవరూ చదవరని ఆరేళ్లుగా నా నమ్మకం. మా సూపరింటెండెంటు తాండవకృష్ణగారు చూసేది ఎక్కినవారు, దిగినవారు అనే రెండు గళ్లే. సాయంత్రానికి ఆ రెండు అంకెలూ సమానం కావాలి. ఎక్కిన మనిషి దిగలేదంటే మెట్ల మీద ఎక్కడో పడి ఉన్నట్టు లెక్క, వెతకాల్సింది నేను. అందుకని ఆ రెండు గళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపి, ఇక్కడ మాత్రం నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

నా పేరు నూకరత్నం. చక్రంలో మూడో ఆకు మెట్లకు మేస్త్రీని. చక్రం అంటే మా ఊరే. భూమి చుట్టూ తిరిగే ఇనప చక్రం, నాలుగు వందల మందిమి ఉంటాం. బండి చక్రానికి ఉన్నట్టే దీనికీ నడుమ ఇరుసు ఉంది, ఇరుసు నుంచి అంచు దాకా ఆకులున్నాయి. కాపురాలన్నీ అంచున. తిరుగుతుంది కాబట్టి అంచున కాళ్లు నేలకు ఆనుతాయి. భూమ్మీద యాభై కిలోల మనిషి ఇక్కడ పాతిక తూగుతుంది. ఆకులోంచి పైకి వెళ్లేకొద్దీ ఆ పాతికా తగ్గుతూ వెళ్లి ఇరుసు దగ్గర సున్నా అవుతుంది. మిగతా ఆకుల్లో లిఫ్టులున్నాయి. నా ఆకులో మాత్రం అయిదు వందల అరవై మెట్లు, డెబ్బై మెట్లకొక మజిలీ. లిఫ్టులో నలభై సెకన్లలో పోయే చోటికి మెట్లెక్కి వెళ్లేది ఎవరయ్యా అంటే, నేనూ, షుఫెన్ పెద్దమ్మా.

పెద్దమ్మకు ఎనభై ఒక్కటి. ముప్ఫై అయిదేళ్లు మా క్యాంటీనులో ఆవిరి పొయ్యి దగ్గర పనిచేసింది. పక్కన పనిచేసినవాళ్లంతా అనకాపల్లి వైపు వాళ్లు కావడంతో ఈ చైనా ఆవిడకు వచ్చిన తెలుగు మా తెలుగే. కళ్లు మూసుకుని వింటే మా మేనత్త తిడుతున్నట్టే ఉంటుంది. ఏడేళ్ల కిందట లిఫ్టులో పైకి వెళ్తూ స్పృహ తప్పింది. ఒంటి బరువు అంత వేగంగా తగ్గితే ముసలి గుండె తట్టుకోలేదని, ఆవిడ ఇక లిఫ్టెక్కడానికి వీల్లేదని డాక్టరు రాసేశాడు. మెట్ల మీదుగా, మజిలీ మజిలీకీ కూర్చుంటూ వెళ్లొచ్చట. రోజూ నాతో వంద మెట్లెక్కి, మోకాళ్లను తిట్టుకుంటూ దిగుతుంది.

ఇవాళ తాండవకృష్ణగారు స్వయంగా వచ్చారు. గుంటూరు మనిషి, మంచివారే గానీ మంచి కబురు తెచ్చిన రోజు లేదు.

"మార్గశిర పున్నమి దాటితే నీడలేని నెల వస్తదని తెలుసుగా నూకరత్నం. ఎండ ఒక్క నిమిషం వదలదు. ఈలోపు కొత్త చల్లనీళ్ల గొట్టం పడకపోతే అందరం ఉడికిపోతాం. గొట్టానికి నీ ఆకు తప్ప చోటు లేదమ్మా. మెట్లు పీకెయ్యాల."

"ఎప్పుడండీ?"

"నువ్వే చెప్పు. నలభై అయిదు రోజుల పని."

నేను గడుసుదాన్ననుకుని వేళ్ల మీద లెక్కేశాను. పెద్దమ్మకు ఏడాదికొక పండగ ఉంది. వాళ్ల తొమ్మిదో నెల తొమ్మిదో రోజున ఎత్తైన చోటికి ఎక్కాలి. నేను మేస్త్రీనైన ఆరేళ్లూ అది మా మహర్నవమి రోజే వచ్చింది. నవమినాడు ఆవిడ ఎక్కి దిగేస్తే మర్నాడు పని మొదలు. "విజయదశమికి మొదలెడదామండీ, మంచిరోజు కూడాను" అని సంతకం పెట్టేశాను. పామూ చచ్చింది, కర్రా విరగలేదు అనుకున్నాను.

ఎంట్రీ 2196. భాద్రపద బహుళ దశమి

లైట్లు: రెండో మజిలీలో ఒకటి మిణుకుమంటోంది. ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. రిమార్కులు:

మెట్లు పోతున్నాయని పెద్దమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆగింది.

"ఈ పండక్కి ఉంటాయి గదా?"

"ఉంటాయి. ఆ తర్వాతే పీకుతారు."

"అయితే ఒక్కపాలి సూసొత్తాను" అని మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. ఒక్కసారే అంటే అదే ఆఖరుసారి అని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ చూడాల్సింది తమ్ముణ్ని. పేరు జిషాన్, డెబ్బై ఆరేళ్లు. ఇరుసులో ఓడల రేవు ఉంది, అక్కడ ముప్ఫై ఏళ్లు ప్రకటనలు చదివాడు. సున్నా బరువులో అంతకాలం ఉండేసరికి ఎముకలు అప్పడాలైపోయాయి. అంచుకు దిగాడంటే తన బరువుకు తనే విరిగిపోతాడు. అక్క ఎక్కలేదు, తమ్ముడు దిగలేడు. అందుకని ఏటా ఆ పండగనాడు ఆవిడ సగం ఎక్కేది, ఆయన సగం దిగేవాడు. నాలుగో మజిలీలో గంటసేపు కూర్చుని, పిండివంట తిని, చామంతి టీ తాగి, ఎవరి దారిన వాళ్లు వెళ్లేవారు. ఈ ఏడు రేవు డాక్టరు ఆయన్ను ఏడో మజిలీ దాటి ఒక్క మెట్టు కూడా దిగవద్దన్నాడు. అంటే పెద్దమ్మ రెండు వందల ఎనభై కాదు, నాలుగు వందల తొంభై మెట్లెక్కాలి. రెండు నెలలుగా ఈ వంద మెట్ల సాధన అందుకే.

"అసలీ ఎక్కుడు ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాను. ఆరేళ్లలో నాకు ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదో.

"ఎనకటికొకాయనకి గురువు సెప్పినాడు, తొమ్మిదో నెల తొమ్మిదినాడు మీ ఇంటికి గండముంది, గాటు వాసనేసే రెమ్మ ఒంటికెట్టుకుని, సామంతిపూల సారా అట్టుకుని, పెళ్లాం పిల్లల్తోటి కొండెక్కీమని. ఎక్కీసినారు. సాయంత్రం దిగొచ్చి సూత్తే ఇంట్లో కోళ్లు, మేకలు అన్నీ సచ్చిపడున్నాయి. ఈలకి రావలసిన గండం ఆటికి తగిలింది."

"మరి కోళ్లను కూడా తీసుకెళ్లొచ్చుగా?"

"కోడి కొండెక్కుద్దేటే?"

తర్వాత తనే ఇంకో సంగతి చెప్పింది. ఆవిడకు తొమ్మిదేళ్లప్పుడు, తమ్ముడికి నాలుగు. ఈ పండగకే వాళ్ల ఊరి వెనక కొండకు వాణ్ని వీపున మోసుకెళ్లింది. "సగం కొండ దాకా ఏడిసినాడు. మిగతా సగం నిద్దరోయినాడు. దిగినాక సెప్పినాడు, పెద్దోడినయ్యాక నిన్ను నేను మోత్తానక్కా అని. డెబ్బై రెండేళ్లయింది. ఇంకా పెద్దోడవలేదు" అని నవ్వింది.

ఎంట్రీ 2204. ఆశ్వయుజ శుద్ధ తదియ

ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. లైట్లు, కమ్మీలు: ఇవాళ సరిగ్గా చూడలేదు. ఎందుకో రిమార్కుల్లో.

నా కొంప మునిగింది. నేనే ముంచుకున్నాను.

పొద్దున పెద్దమ్మకు కరివేపాకు కుండీలోంచి లేత రెమ్మలు కోసుకెళ్లాను. వాళ్ల గాటు వాసన రెమ్మ ఇక్కడ పండదు, అందుకని ఏటా ఆవిడ కరివేపాకే జడలో పెట్టుకుంటుంది. "ఇంకో ఆరు రోజులే పెద్దమ్మా, నవమికి అన్నీ సిద్ధం" అన్నాను.

"ఏ నవమి? ఈ నవమి మాది కాదే."

గోడకు వేలాడే దారాలు చూపించింది. రోజుకొక ఎండు చిక్కుడు గింజ గుచ్చుతుంది, నెలకొక దారం. ఎనిమిది దారాలు పూర్తయితే తొమ్మిదో నెల మొదలవ్వాలి. అక్కడ పూర్తయినవి ఎనిమిదే. కానీ అందులో ఒక దారానికి ఎర్ర పీలిక కట్టి ఉంది.

"ఈ ఏడు మాకు ఆరో నెల రెండుపాల్లొచ్చింది. ఇప్పుడు నడుత్తన్నది ఇంకా ఎనిమిదో నెలే. మీకూ వత్తాది గదా, ఏటంటారు దాన్ని?"

"అధికమాసం."

"అదే. మీకెప్పుడు?"

"వచ్చే ఏడు" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు విషయం బోధపడింది. రెండు పంచాంగాలూ చంద్రుణ్నే చూసి రాసినవి, రెండూ అదనపు నెల కలుపుకుంటాయి. ఆరేళ్లు ఒకే అడుగు వేశాయి కదా అని ఎప్పుడూ అలాగే నడుస్తాయనుకున్నాను. ఈ ఏడు వాళ్లు ముందు కలిపారు. ఆవిడ తొమ్మిదో నెల తొమ్మిది మా కార్తీక శుద్ధ నవమికి పడింది. అప్పటికి నా సంతకంతోనే మెట్లు ఊడి నెల అవుతుంది.

"ముందు చెప్పొద్దా పెద్దమ్మా!"

"నువ్వడిగినావా?"

పోనీ ఈసారికి నెల ముందే ఎక్కేద్దామని బతిమాలాను. "గండమొచ్చేది ఆ రోజున. నెల ముందెల్లి కొండ మీద కూకుంటే గండానికేటి తెలుత్తాది? నీ పుట్టినరోజు నెల ముందు సేసుకుంటే నెల ముందు పుట్టినట్టేటి?" అంది. ఇది లాభం లేదని ఇరుసుకు ఫోన్ చేసి తమ్ముడిగారిని అడిగాను. ఆయన తెలుగంతా రేవు ప్రకటనల్లోంచి నేర్చుకున్నది. విషయమంతా విని, గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు గమనిక. పండుగ తేదీలో ఎటువంటి మార్పు లేదు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నారు. అక్కాతమ్ముళ్లు ఒకే కొయ్యలోంచి చెక్కినవాళ్లు.

ఫోన్ పెట్టేశాక పెద్దమ్మ మెల్లగా అంది: "ఆ రోజున ఆడు మెట్ల కాడికొచ్చి నాకోసం సూత్తాడే. ఏరే రోజు సూడడు. నానేటి సెయ్యను?"

ఎంట్రీ 2206. ఆశ్వయుజ శుద్ధ పంచమి

లైట్లు: బాగానే ఉన్నాయి. ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. రిమార్కులు:

తాండవకృష్ణగారి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. నెల రోజులు ఆగమన్నాను.

"అట్టా ఎట్టా కుదురుద్దమ్మా? నెల ఆగితే మిగిలేది ముప్ఫై అయిదు రోజులు. పని నలభై అయిదు. తేదీ నువ్వే ఇచ్చావు, సంతకం నువ్వే పెట్టావు. పెద్దావిడ తమ్ముడితో రోజూ తెర మీద మాట్లాడతానే ఉందిగా?"

తెర మీద పిండివంట తినిపించగలరా అండీ అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన మాటల్లో తప్పేమీ లేదు, అదే నా ఏడుపు. గొట్టం ఆలస్యమైతే చెమటలు పట్టేది నాకొక్కదానికే కాదు.

దశమినాడు పొద్దున తొమ్మిదింటికి ఆయన ఉత్తర్వు మీద కలం పెట్టి సంతకం చేస్తారు. అప్పుడు నా వెల్డరు జోగినాయుడు మొదటి మెట్టు కోస్తాడు. చక్రంలో ఏ ఉత్తర్వుకైనా ఆయన కలం తాకాలి. మరో కలం చెల్లదు.

పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు. ఇవాళ నూట పది మెట్లెక్కింది.

ఎంట్రీ 2210. మహర్నవమి

లైట్లు, కమ్మీలు: బాగున్నాయి. ఎక్కినవారు: ఎవరూ లేరు. దిగినవారు: ఎవరూ లేరు. రిమార్కులు:

ఆయుధపూజ. వర్క్‌షాపులో ఎర్రగుడ్డ పరిచి పానాలు, సుత్తులు, కటింగ్ మిషను, వెల్డింగు సరంజామా అన్నీ తుడిచి పేర్చాం. పసుపు, కుంకుమ, చామంతులు. ప్రమాదాలప్పుడు వాడే ఎర్రపెట్టె ఒక్కటే ఏటా పూజలో పెట్టం. చక్రానికి చిల్లు పడితే అది నవమో దశమో చూసుకోదు కదా.

పూజ చేసేది ఎప్పుడూ మేస్త్రీయే, అంటే నేను. హారతి వేళకు తాండవకృష్ణగారు పట్టుపంచెలో వచ్చారు. జేబులోంచి సంతకాల కలం తీసి, కళ్లకద్దుకుని, నా పెద్ద పానాకూ కటింగ్ మిషనుకూ మధ్య పెట్టారు. "గొట్టం పని సవ్యంగా సాగాలమ్మా" అన్నారు. నేనూ దణ్ణం పెట్టాను, ఏమని పెట్టానో రాయను.

పెద్దమ్మ కూడా వచ్చింది. ఆవిడ లెక్కలో ఇవాళ ఉత్త మంగళవారం. అప్పటికి అన్నీ చెప్పేశాను. ప్రసాదం తింటూ ఆ వరసనంతా చూసింది.

"ఇయ్యన్నీ ఎప్పుడు తీత్తారే?"

"రేపు ఉద్వాసన చెప్పి తీస్తాం."

"సెప్పకపోతే?"

"అలాగే ఉంటాయి. పూజలో ఉన్న పనిముట్టు ఎవరూ ముట్టుకోరు పెద్దమ్మా."

"సెప్పాలసింది ఎవరు?"

"పూజ చేసినవాళ్లు. నేనే."

"ఊఁ" అంది. రాలిన చామంతులు నాలుగు ఏరుకుని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

ఎంట్రీ 2211. విజయదశమి

లైట్లు: బాగున్నాయి. ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. రిమార్కులు:

ఉద్వాసన చెప్పలేదు.

తొమ్మిదింటికి తాండవకృష్ణగారు ఉత్తర్వు పట్టుకుని వచ్చారు. జోగినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందయ్యా, ఇంకా సిద్ధం కాలేదే?"

"పనిముట్లు పూజలో ఉన్నాయి సార్. అక్క ఇంకా లేపలేదు."

"ఎప్పుడు లేపుతావమ్మా?"

"కార్తీక నవమి వెళ్లాకండి" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీ మీద యాక్షన్ తీసుకోవాల్సొస్తది. ఇప్పుడే రాసిస్తా." జేబులో చెయ్యి పెట్టారు. పై జేబు, కింది జేబు, మళ్లీ పై జేబు.

"కలం కూడా పూజలోనే ఉందండీ" అన్నాను.

ఆయన పీట వైపు చూశారు. బొట్టు పెట్టుకుని, పానా పక్కన పూల కింద హాయిగా పడుకుని ఉంది కలం. రెండడుగులు వేశారు. చెయ్యి చాపారు. చాపిన చెయ్యి అలాగే వెనక్కి వచ్చి చెంపలు వేసుకుంది. "మా అమ్మ వింటే చంపుద్ది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఎంట్రీ 2227. ఆశ్వయుజ బహుళ ఏకాదశి

లైట్లు: రెండో మజిలీ లైటు మార్చాలి, స్క్రూడ్రైవరు పూజలో ఉంది. ఎక్కినవారు: ఇద్దరు. దిగినవారు: ఇద్దరు. రిమార్కులు:

పదహారు రోజులు. ఈ పదహారు రోజులూ చక్రంలో ఒక్క ఉత్తర్వూ కదల్లేదు. సెలవు చీటీలు కుప్ప పడ్డాయి. క్యాంటీనులో వంటకం మార్చాలన్నా ఆ కలమే తాకాలి, కాబట్టి రోజూ పొద్దున ఉప్మాయే. నేను వెళ్తుంటే జనం ప్లేటు చూపించి మరీ పలకరిస్తున్నారు. నవ్వుతున్నాను గానీ నాకు భయంగానే ఉంది. ముప్ఫై అయిదు రోజుల్లో నలభై అయిదు రోజుల పని. కాగితం మీద నాలుగుసార్లు లెక్కేశాను. ఆరుగురం రెండు షిఫ్టులు చేసి, ఇప్పుడే గొట్టం ముక్కలన్నీ కొలిచి వరసగా పేర్చుకుంటే ముప్ఫై రెండులో అవుతుంది. కొలవడానికి పనిముట్లు అక్కర్లేదు, దారం చాలు. పెద్దమ్మ గింజల దారాలు రెండు అడిగి తెచ్చుకున్నాను. వారంగా మా వాళ్లు వాటితోనే కొలుస్తున్నారు.

ఇవాళ తాండవకృష్ణగారు వచ్చి ఆ కొలతలన్నీ చూశారు. మెట్ల మొదట్లో పెద్దమ్మ కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ఆయనకు టీ పోసి ఇచ్చింది.

"నామీద కోపమేటి బాబూ?"

"నీ మీద కాదు పెద్దమ్మా. నా కలం మీద."

"నువ్వూ రా మాతోటి. ఆ రోజు కింద ఉండిపోయినోలికే గండం."

ఆయన టీ పూర్తిగా తాగి నా వైపు తిరిగారు. "ముప్ఫై రెండు రోజుల్లో అయిపోద్దా?"

"అవుతుందండీ. అవకపోతే నన్నే గొట్టంలో పెట్టి అతికించెయ్యండి."

"కార్తీక నవమి దాకా ఆగుతా. మర్నాడు నువ్వు లేపినా లేపకపోయినా నేనే తీస్తా." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఎన్నింటికి ఎక్కాల?"

ఎంట్రీ 2240. కార్తీక శుద్ధ నవమి. పెద్దమ్మ లెక్కలో తొమ్మిదో నెల తొమ్మిది.

లైట్లు: అన్నీ వెలిగించాను. ఎక్కినవారు, దిగినవారు: కింద రాస్తాను. రిమార్కులు:

పొద్దున ఆరింటికి బయల్దేరాం. ముగ్గురి తలల్లోనూ కరివేపాకు రెమ్మలు. తాండవకృష్ణగారు చెవిలో పెట్టుకున్నారు. పెద్దమ్మ రాత్రే తొమ్మిది పొరల బియ్యప్పిండి కుడుము ఆవిరి పెట్టింది, పైన ఖర్జూరం ముక్కలు. ఫ్లాస్కులో చామంతి టీ. ఇవి కాక ఒక పెద్ద మూట. మోసేది నేనే కదా, విప్పి చూశాను. ఒక దిండు, రెండు జతల బట్టలు, దువ్వెన, గింజల దారం.

"పండక్కి దిండెందుకు పెద్దమ్మా?"

"మజిలీల కాడ కూకుంటే నొప్పెట్టదేటి? అట్రా."

రెండో మజిలీకి కాస్త కింది దాకా రోజూ ఎక్కేదే. మూడోదాని దగ్గర కుడి మోకాలు పట్టేసింది. పెద్దమ్మ పెదవి కొరుక్కుని కూర్చుంది. నూనె రాశాను, కాపడం పెట్టాను. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. కాలు ముడవబోతే ముఖం తెల్లబడుతోంది. తాండవకృష్ణగారు మెల్లగా, "దిగిపోదామా పెద్దమ్మా?" అన్నారు. ఆవిడ ఆయన చెయ్యి గిల్లింది. ఆ గిల్లుడు ఊతతోనే లేచింది. ఇంకో డెబ్బై మెట్లకు గంటంపావు పట్టింది. నా రెండు చేతులూ ఆవిడ నడుము దగ్గరే ఉన్నాయి. నా ప్రాణం నా దగ్గర లేదు.

నాలుగో మజిలీ గోడ మీద ఆరు గీతలున్నాయి, ఏడాదికొకటి, తమ్ముడిగారు గీసినవి. పెద్దమ్మ వాటిని వేలితో తడిమి, "ఇక్కడ దాకా పాత దారి" అంది. అక్కడ ఆవిడ బరువు పన్నెండు కిలోలు. నేను ఎన్నో వేలసార్లు ఎక్కాను గానీ ఆ తర్వాత జరిగేది ఇంకొకరి కాళ్లలో చూడ్డం అదే మొదలు. అయిదో మజిలీకి మూలగడం మానేసింది. ఆరోదానికి కమ్మీ వదిలేసింది. ఆ పైన రెండేసి మెట్లు వేస్తోంది, నా చెయ్యి అందడం లేదు. ఆ ఎత్తున చక్రం తిరుగుడు మనిషిని పక్కకు తోస్తుంది, అలవాటు లేని తాండవకృష్ణగారు గోడను రాసుకుంటూ, ఆయాసపడుతూ వెనకబడ్డారు. "బేగి రా బాబూ, గండం నీ ఎనకాలే వత్తంది" అని పైనుంచి కేకేసింది.

ఏడో మజిలీలో జిషాన్‌గారు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. బాగా సన్నగా, పొడుగ్గా సాగిపోయారు. అక్కను చూడగానే నిటారుగా నిలబడి, "అంచు నుండి వచ్చు ప్రయాణికురాలు ఏడవ మజిలీకి చేరుకున్నారు" అని ప్రకటించారు. తర్వాత ఏం చదవాలో తెలియనట్టు ఆగిపోయారు. పెద్దమ్మ ఆయన చెంపలు రెండూ పట్టుకుని, "సిక్కిపోనావు" అంది.

కుడుము తొమ్మిది పొరలూ దారిలో నలిగి ఆరయ్యాయి. టీ ఒంపితే ధార వంకరగా పోతుంది అక్కడ, పెద్దమ్మ కప్పును జానెడు పక్కన పట్టుకుని ఒక్క చుక్క పోనివ్వలేదు. తమ్ముడికి ముక్క తుంచి నోట్లో పెట్టింది. వాళ్ల భాషలో వాళ్లు ఏవేవో చెప్పుకున్నారు. గంట గడిచింది. నేను గుండె రాయి చేసుకుని లేచి మూట చేతికి తీసుకున్నాను.

జిషాన్‌గారు నన్నడిగారు. "ఇచ్చట మా అక్కగారి బరువు ఎంత?"

"మూడు కిలోలండీ."

ఆయన అక్కకు వీపు తిప్పి, కమ్మీ పట్టుకుని వంగారు.

"ఎక్కు" అన్నారు. అది ప్రకటనలా లేదు.

"నీకేటి పిచ్చా? ఎముకలిరిగిపోతాయిరా."

"మూడు కిలోలకు విరగవు. ఎక్కు అక్కా. నేను పెద్దవాణ్ని అయ్యాను."

పెద్దమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత చిన్నపిల్లలాగా ఆయన మెడ చుట్టూ చేతులు వేసి వీపు మీదికి ఎక్కింది. ఆయన లేచారు. ఒక్కొక్క మెట్టూ పైకి వెళ్లారు. మొదటి ముప్ఫై మెట్లూ ఆవిడ ఏడ్చింది. మిగతా నలభై మెట్లూ ఆయన మెడ మీద తల ఆనించి కళ్లు మూసుకుంది. వెనకాల దిండు మూటతో నేను. ఇరుసులోకి చేరేసరికి నాకూ కళ్లు కనపడలేదు. అక్కడ కన్నీళ్లు కారవు, కళ్ల మీదే ముద్దకడతాయి.

పెద్దమ్మ తేలుతూ వచ్చి నా చేతిలోంచి మూట తీసుకుంది.

"నాను దిగనే నూకా."

అప్పటికి నాకు దిండు అర్థమైంది.

"పెద్దమ్మా, ఇక్కడుంటే ఎముకలు..."

"ఎనబై ఒకటి నాకు. ఎముకలు దాసుకుని ఏటి సేత్తాను? ఇక్కడ మోకాళ్లే నొప్పెట్టవు. సామంతులకి రోజూ నీళ్లొయ్యి. పొయ్యి మూత బిగుతు, కొట్టి తియ్యాల." నా జడలో కరివేపాకు సరిచేసింది.

తాండవకృష్ణగారికి నిబంధన ఏమైనా గుర్తొచ్చిందేమో, నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు.

ఇద్దరం దిగాం. దిగేకొద్దీ బరువు పెరుగుతుందని నాకు తెలుసు, ఇవాళ తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. కింద జనమంతా మా కోసం మెట్ల దగ్గరే గుమిగూడి ఉన్నారు, క్యాంటీను వాళ్లతో సహా. ఈలోపు క్యాంటీనులో, రేపటికి కలం లేస్తుందని పొయ్యి పక్కన పెట్టిన ఇడ్లీ పిండి పొంగి, గిన్నె దాటి, బల్ల దాటి, నేలంతా పారింది. తాండవకృష్ణగారు దాన్ని చూసి, "వచ్చింది గండం, పిండికి తగిలింది" అని ఎంత సంతోషపడ్డారో చెప్పలేను.

వర్క్‌షాపులో దీపం పెట్టి ఉద్వాసన చెప్పాను. ముందుగా తీసింది కలం. బొట్టు తుడవకుండానే ఆయనకిచ్చాను. జోగినాయుడు కటింగ్ మిషను భుజానికెత్తుకున్నాడు. మొదటి మెట్టు రేపు పొద్దున కోస్తాం. ముప్ఫై రెండు రోజులు.

తాండవకృష్ణగారు రిజిస్టరు అడిగారు. తీసి ముందు పెట్టాను. ఎక్కినవారు: ముగ్గురు. దిగినవారు: ఇద్దరు. కింద 'తేడాకు కారణం' అని ఒక గడి ఉందట, ఆరేళ్లలో అవసరం పడక నేను చూడనే లేదు.

"ఏం రాయమంటారండీ?"

"ఉన్నది రాయమ్మా."

రాశాను. ఆయన దాని కింద సంతకం పెట్టారు.

తేడాకు కారణం: మూడో మనిషి తమ్ముడి దగ్గర ఉంది. వెతకాల్సిన పని లేదు.